సైకిలెక్కిన ముసాఫిర్

గత వర్షాకాలంలో ఒక ఆదివారం, జుహ్ర్ నమాజు ముగిసిన తరువాత, అమీర్‌పేటలో కాపురముంటున్న ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. ఆ అబ్బాయి చిన్ననాట నా వద్ద ఖుర్ఆన్ పఠనం నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఉద్యోగస్తుడు. కుడిచేయి మెడకు వేసిన కట్టులో వేలాడుతున్నది. కాలర్ బోన్ విరిగిందట.

“మౌలానా గారూ! సైకిలు తొక్కటం హరామని ఒక్క మాట చెప్పండి చాలు. నా మాట వినడు, మీ మాట వింటాడు” అన్నదామె కన్నీళ్ళు ఒత్తుకుంటూ.

అబ్బాయి కాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. తల్లి మంచినీళ్ళ కోసం లోపలికి వెళ్ళిన సమయం చూసి మెల్లగా అడిగాడు: “ఉస్తాద్, రెండు వందల కిలోమీటర్లు సైకిలు మీద పోతే నమాజు ఖస్ర్ చేయాలా, పూర్తిగా చదవాలా?”

తల్లికి ఒక ఫత్వా కావాలి, కొడుక్కి మరొకటి కావాలి. నేను ఆ పూట ఇద్దరికీ జవాబివ్వలేదు. తెలియని సంగతిపై నోరు విప్పటంకన్నా రెండు వారాలు గడువడగటం మేలనిపించింది. సైకిలు నాకు కొత్తది కాదు. మా చదువుల రోజుల్లో గంటల లెక్కన అద్దెకు తెచ్చుకొని తొక్కినవాళ్ళమే. రాత్రిపూట దీపం లేకుండా పోతే పోలీసువారు ఆపి గాలి తీసేవారు. అయితే ఎవరూ పంపకపోయినా, ఏ పనీ లేకపోయినా, తెల్లవారకముందే లేచి వికారాబాదు దాకా పోయి రావటమన్నది మాత్రం నాకు వింతగానే తోచింది. ఆ రెండు వారాల్లో నేను చదివినదీ, చూసినదీ, ఆ అబ్బాయి దగ్గర నేర్చుకున్నదీ మన పత్రిక పాఠకుల ముందు ఉంచుతున్నాను. మన ఇళ్ళలో ఇటువంటి కుర్రవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు గనుక ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు.

గుర్రప్పందెంలో ఒక సంగతి

క్రీడలోనే దోషముందని అనటానికి వీల్లేదు. దైవప్రవక్త (సఅసం) మదీనాలో గుర్రప్పందేలు జరిపించారు. తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో స్వయంగా పరుగుపందెం వేశారు. గుర్రప్పందెం హదీసు సహీహ్ బుఖారీలో ఉన్నది. దానిని నేను ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. పందెం ధర్మసమ్మతమా కాదా అన్న చర్చ దగ్గరే ఎప్పుడూ ఆగిపోయేవాణ్ణి. ఈసారి చదివినప్పుడు మరొక సంగతి కంటబడింది. తర్ఫీదునిచ్చి ఒళ్ళు గట్టిపరచిన గుర్రాలను హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు పరుగెత్తించారు. ఆ దూరం అయిదారు మైళ్ళు. తర్ఫీదు లేని గుర్రాలకు మాత్రం సనియ్యా నుంచి బనీ జురైఖ్ మస్జిదు వరకే పందెం పెట్టారు. అది ఒక మైలు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆ పందెంలో పాల్గొన్నవారే.

పశువు విషయంలోనే ఇంతటి లెక్క ఉన్నది. మన కుర్రవాళ్ళు చేస్తున్నదేమిటి? ఒక నెలలో ఖరీదైన సైకిలు కొంటారు, మరుసటి నెలలో నూరు కిలోమీటర్లు తొక్కి ఫోటో పెడతారు, మూడో నెలలో మోకాలు పట్టుకొని కూర్చుంటారు. తొక్కే దూరాన్ని వారానికి పదోవంతుకు మించి పెంచకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. సీటు ఎత్తు సరిగా లేకపోతే మోకాలు పాడవుతుంది. పెడలు అడుగుకు వచ్చినప్పుడు కాలు కొద్దిగా వంగి ఉండాలి, పూర్తిగా చాపుకోకూడదు. గంటల తరబడి హ్యాండిల్ మీద బరువు మోపితే చిటికెన వేలు, దాని పక్కవేలు తిమ్మిరెక్కుతాయి. చేతులు తరచు మార్చి పట్టుకోవాలి. ఇవి చిన్న సంగతులే. కాని అలసిన శరీరమే దారిలో తప్పటడుగు వేస్తుంది.

ఆ అబ్బాయి పాల్గొనదలచిన దానిని ‘బ్రెవే’ అంటారట. ఫ్రాన్సు దేశపు మాట. పారిస్ నగరంలోని ఒక పాత సైకిలు క్లబ్బు నిబంధనల ప్రకారం లోకమంతటా ఇవి జరుగుతాయి. మన నగరంలో హైదరాబాద్ రాండనర్స్ వారు నిర్వహిస్తున్నారు. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో, 300ను 20 గంటల్లో, 400ను 27 గంటల్లో, 600ను 40 గంటల్లో పూర్తిచేయాలి. మధ్య మధ్య నిర్ణీత స్థలాల్లో హాజరు వేయించుకోవాలి. గెలుపోటములు లేవు, మొదటి స్థానం చివరి స్థానం అన్నవి లేవు. 1891లో మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ అనే సుమారు 1200 కిలోమీటర్ల యాత్ర ఇప్పుడు నాలుగేళ్ళకొకసారి జరుగుతుంది. 2023లో జరిగిన యాత్రకు మనదేశం నుంచి కూడా వెళ్ళారు. హెల్మెట్ లేనివాణ్ణి మన దగ్గర బయలుదేరనివ్వరు. రాత్రి ప్రయాణానికి ముందు వెనుక దీపాలు, వెలుగు పడితే మెరిసే చొక్కా తప్పనిసరి. పందెం కాదన్న మాట విని నా మనసు కొంత కుదుటపడింది. లెక్క వేసి చూస్తే 200 కిలోమీటర్లకు గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం కూడా అక్కరలేదు. నమాజుకు ఆగటానికి కావలసినంత వ్యవధి అందులో ఉన్నది.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా

మరుసటి ఆదివారం ఫజ్ర్ తరువాత నేను, ఆ అబ్బాయి కలిసి నడిచాము. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మొదలుపెట్టి పంజాగుట్ట చౌరస్తా వరకు. మెట్రోలో అది ఒకే ఒక్క స్టేషను దూరం. నడిస్తేగాని అందులో ఎన్ని ఉచ్చులున్నాయో తెలియదు.

ఆ వేళకు దూరప్రాంతాల నుంచి వచ్చే ప్రైవేటు బస్సులు అమీర్‌పేటలో ప్రయాణికులను దించుతుంటాయి. బస్సు ఎడమకు ఒరిగి ఆగుతుంది, దాని చుట్టూ ఆటోలు మూగుతాయి, నిద్రమొహాలతో సంచులు మోసుకుంటూ జనం రోడ్డు మీదికే దిగుతారు. సైకిలువాడు ఆగిన బస్సుకు ఎడమవైపు సందులోంచి దూరిపోతే దిగేవారిని ఢీకొంటాడు. కుడివైపు నుంచి దాటబోతే వెనుక వచ్చే వాహనం కింద పడతాడు. ఆగి, వెనక్కు తిరిగి చూసి, చేయి చాపి, అప్పుడు దాటాలి. లేదా బస్సు కదిలేదాకా నిలబడాలి. అర నిమిషం పని. ఈ అర నిమిషం సహనం మన కుర్రవాళ్ళకు నేర్పటం చాలా కష్టం.

మెట్రో స్తంభాలు రోడ్డు నడుమ నిలబడి ఉన్నాయి. యూ-టర్న్ తీసుకొనే వాహనం స్తంభం చాటునుంచి ఒక్కసారిగా ముందుకు వస్తుంది. ఫ్లైఓవర్ మొదలయ్యే చోట, ముగిసే చోట వాహనాలన్నీ ఉన్నట్టుండి వరుసలు మారతాయి. వాన నీరు పోవటానికి వేసిన ఇనుప జాలీలు కొన్నిచోట్ల రోడ్డు పొడవునే ఉన్నాయి. సన్నని సైకిలు చక్రం వాటి సందులో దిగిందంటే మనిషి ముందుకు ఎగిరి పడటమే. వాన పడితే మ్యాన్‌హోల్ మూతలు, తెల్లరంగు గీతలు సబ్బు రాసినట్టు జారుతాయి. నిలిచిన నీటి కింద ఏమున్నదో అల్లాహ్‌కే తెలుసు. అందుచేత నిలిచిన నీటిలోకి సైకిలు దించకూడదు.

చౌరస్తాకు కొంచెం ముందు అబ్బాయి ఆగి, “ఇక్కడే ఉస్తాద్” అన్నాడు.

ఎడమ అంచున ఒక కారు ఆగి ఉన్నదట. లోపలి మనిషి వెనక్కు చూడకుండా కుడివైపు తలుపు తెరిచాడు. సైకిలు ఆ తలుపుకు తగిలి, అబ్బాయి కుడిభుజం మీద రోడ్డు మధ్యకు పడ్డాడు. ఆ క్షణాన వెనుక బస్సేదీ రాకపోవటం అల్లాహ్ అనుగ్రహం. ఆగి ఉన్న కారుకు కనీసం ఒక మీటరు ఎడంగా పోవాలని అతనికి అంతవరకు తెలియదు. అంచున పోతే క్షేమమనుకున్నాడు. మనలో అందరమూ అలాగే అనుకుంటాము. పిల్లలకు అలాగే చెబుతాము కూడా. గోడకో, ఆగిన కార్లకో రాసుకుంటూ పోయేవాడు ఎవరికీ కనిపించడు.

కారున్న పాఠకులకు ఇక్కడొక మాట. హాలండు దేశంలో ఒక అలవాటు ఉన్నది. తలుపుకు దగ్గరగా ఉన్న చేత్తో కాక, దూరంగా ఉన్న చేత్తో గడియ తీస్తారు. మన దేశంలో కుడివైపు కూర్చొని నడిపేవారు ఎడమచేత్తో తలుపు తీయాలన్న మాట. అలా చేస్తే ఒళ్ళు దానంతటదే వెనక్కు తిరుగుతుంది, కళ్ళు అద్దంపై, రోడ్డుపై పడతాయి. నేను ఆ రోజు నుంచి ఆటో దిగేటప్పుడు కూడా వెనక్కు చూడటం మొదలుపెట్టాను.

మరో విషయం ఆ అబ్బాయి నోట విని ఆశ్చర్యపోయాను. ఖాళీ రోడ్డే ఎక్కువ ప్రమాదకరమట. పగలు ఇదే దారిలో వాహనాలు పాకుతుంటాయి. ఆదివారం వేకువన మాత్రం శనివారం రాత్రి విందులు ముగించుకొని ఇళ్ళకు పోయేవారు ఖాళీ రోడ్డు చూసి రెచ్చిపోతారు. ఈ పంజాగుట్టలోనే 2016 జూలై 1న మద్యం మత్తులో ఉన్న విద్యార్థుల కారు డివైడరు దాటి మరో కారుపై పడింది. ఒక చిన్నారి, ఆమె కుటుంబీకులు ప్రాణాలు కోల్పోయారు. 2023 జూలైలో బండ్లగూడ జాగీరు దగ్గర ఉదయపు నడకకు వెళ్ళిన తల్లీకూతుళ్ళను వేగంగా వచ్చిన కారు బలి తీసుకున్నది. వారిలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. మనదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవారు 1,68,491 మంది అని ప్రభుత్వ లెక్క. ఇంత పెద్ద సంఖ్య మనసుకు ఎక్కదు. మన ఇంటి ముందు ఆగిన ఒక్క జనాజా ఎక్కుతుంది.

ఇరాఖులో ఒక కంచరగాడిద కాలు జారి పడినా, దానికి దారి ఎందుకు చదును చేయలేదని అల్లాహ్ తనను అడుగుతాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని ప్రసిద్ధం. పంజాగుట్ట గుంతల దగ్గర నిలబడితే ఆ మాట గుర్తుకు రాక మానదు. అయితే గుంత పూడ్చవలసినవారు పూడ్చే దాకా, అందులో పడకుండా చూసుకోవటం మన బాధ్యతే.

రెండు కవచాలు

“రాసిపెట్టి ఉంటే ఎలాగైనా జరుగుతుంది. హెల్మెట్ ఏం ఆపుతుంది?” అనే మాట మన ఇళ్ళలో తరచు వినిపిస్తుంది. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న హదీసు అందరికీ తెలిసినదే, దానిని తిరిగి చెప్పను. ఉహుద్ యుద్ధాన్ని గుర్తుచేస్తాను. ఆ రోజు దైవప్రవక్త (సఅసం) ఒకదానిపై ఒకటి రెండు కవచాలు ధరించారని అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్నది. అల్లాహ్‌పై ఆయనకున్న భరోసా మనకున్నదానికన్నా తక్కువా?

అబ్బాయి పడినప్పుడు పెట్టుకున్న హెల్మెట్‌ను తెప్పించి చూశాను. పైన చిన్న గీత తప్ప ఏమీ కనిపించలేదు. లోపలి భాగాన్ని పరీక్షగా చూస్తే, థర్మాకోల్ వంటి ఆ మెత్తలో అడ్డంగా ఒక చీలిక. తలకు తగలవలసిన దెబ్బను అది మింగింది. జిగురుతో అతికించి మళ్ళీ వాడుకుందామనుకున్నాడు మా వాడు! ఆ మెత్త ఒక్కసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. దెబ్బ తిన్న హెల్మెట్‌ను పారవేయాలి. కొత్తది కొనేటప్పుడు తల చుట్టూ కదలకుండా ఉన్నదా అని చూడాలి. కనుబొమలకు రెండు వేళ్ళ పైన దాని అంచు ఉండాలి. గడ్డం కింద పట్టీలో ఒక వేలు మాత్రమే దూరాలి. టోపీ చెదరకూడదని కొందరు వెనక్కు నెట్టి పెట్టుకుంటారు. నుదురు బయటపడితే హెల్మెట్ ఉన్నా లేనట్టే.

చెవుల్లో పాటలు గాని, ప్రసంగాలు గాని, చివరకు ఖుర్ఆన్ పారాయణం గాని పెట్టుకొని రోడ్డు మీద పోవద్దని గట్టిగా చెప్పాను. పారాయణం వినేటప్పుడు మనసు పెట్టి వినాలన్నది ఖుర్ఆన్ ఆదేశం. వెనుక వచ్చే లారీ చప్పుడు మీద మనసు పెట్టవలసిన చోట ఆ ఆదేశం ఎలా నెరవేరుతుంది?

వెనుక ఎర్రదీపం, ముందు తెల్లదీపం పగటిపూట కూడా వెలిగించుకోవటం మంచిది. బయలుదేరే ముందు టైర్లలో గాలి, రెండు బ్రేకులు, గొలుసు చూసుకోవాలి. ఇది రెండు నిమిషాల పని. సైకిలు తొక్కే చెల్లెళ్ళు, కూతుళ్ళు ఉన్న ఇళ్ళలో దుపట్టా కొసలు, బుర్ఖా అంచులు చక్రంలోనో గొలుసులోనో చిక్కకుండా బిగించి కట్టుకొనేట్లు చూడాలి.

ఊరు దాటాక

వికారాబాదు వైపు దారి మన సైకిలువాళ్ళకు ప్రియమైనది. అప్పా జంక్షను దాటి మొయినాబాదు, చేవెళ్ళ మీదుగా మన్నెగూడ దాకా దాదాపు 900 మర్రిచెట్లు నీడ పట్టి ఉంటాయి. అనంతగిరి గుట్టల్లో మూసీ పుడుతుంది. చూడముచ్చటైన దారే. కాని ఇరుకైనది. కంకర లారీలు, బస్సులు ఒకదానినొకటి దాటుకుంటూ పోతుంటాయి. మేము ఈ మాటలు మాట్లాడుకున్న కొన్ని వారాలకే, 2025 నవంబరు 3న ఉదయం, చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొని పదిహేను మందికి పైగా మరణించారు. బస్సులో కూర్చున్నవారి గతే అలా అయితే ఆ రోడ్డు అంచున సైకిలు మీద ఉన్నవాడి సంగతి వేరే చెప్పాలా? దూరం తొక్కాలన్న కోరిక మాత్రమే ఉన్నవారికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిలు బాట ఉన్నది. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైన సౌరఫలకల కప్పు, పక్కన మోటారు వాహనాల బెడద లేదు. అమీర్‌పేట వారికి అక్కడికి చేరటమే కొంత శ్రమ. అయినా కొత్తవాడు తన మొదటి వెయ్యి కిలోమీటర్లు అక్కడే తొక్కటం మంచిదని నా అభిప్రాయం.

ప్రయాణం గురించి హదీసుల్లో ఉన్నవి చదువుతుంటే సైకిలువాళ్ళ కోసమే చెప్పారా అనిపించింది. ఒంటరిగా రాత్రి ప్రయాణం చేయటాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. ముగ్గురు కలిసి బయలుదేరితే తమలో ఒకరిని అమీరుగా ఎన్నుకోమన్నారు. రాత్రి విడిది చేసేటప్పుడు దారి మీద కాక దారికి ఎడంగా దిగమన్నారు, జంతువులు, పురుగు పుట్ర ఆ దారినే తిరుగుతాయని. టైరు పంక్చరయితే ఉన్నచోటనే కూర్చొని బాగుచేసుకొనేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. సైకిలును ఎత్తుకొని రోడ్డు దిగి, మట్టిలోకి పోయి ఆ పని చేసుకోవాలి. అమీరు మాటకొస్తే, అమీర్‌పేట కుర్రవాళ్ళకు అమీరు లేకపోతే ఎలా అని నవ్వుతూ అన్నాను. వాళ్ళ బృందంలో ఇప్పుడు నిజంగానే ఒకరిని ఎన్నుకుంటున్నారు. అతడు ఆగమన్నచోట అందరూ ఆగాలి, ఇంక తొక్కలేనన్నవాణ్ణి వదిలిపెట్టి ఎవరూ పోకూడదు. ఇద్దరు ముగ్గురు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ పోవటం మాత్రం బంద్. దారి హక్కుల్లో మొదటి వరుసలో ఉన్నది ఇతరులకు కీడు కలిగించకపోవటం. ఎర్రదీపం దాటి దూసుకుపోయే సైకిలువాడికి కారువాణ్ణి నిందించే అర్హత లేదు.

నిద్ర విషయం వేరుగా చెప్పాలి. 400, 600 కిలోమీటర్ల యాత్రల్లో రాత్రంతా తొక్కుతారట. రాత్రులన్నీ నమాజులో, పగళ్ళన్నీ ఉపవాసంలో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు ఆయన శరీరానికి, కళ్ళకు ఆయనపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆరాధనలోనే కళ్ళ హక్కు కాలరాయకూడదంటే వినోదంలో కాలరాయవచ్చా? రెప్పలు వాలితే ఏదైనా పెట్రోలు బంకులోనో, మస్జిదు వరండాలోనో అరగంట పడుకోవాలి. గడువు దాటిపోతే పోనీయాలి.

ఎండాకాలం మన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటుతుంది. ఒట్టి నీళ్ళే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాదు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తెచ్చుకుంటే చాలు. చెమట ఆగిపోయి, తల తిరిగి, మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి ఒళ్ళు తడపాలి. ఇక కుక్కలు వెంటబడితే వేగం పెంచకుండా దిగి, సైకిలును అడ్డం పెట్టుకొని నిలబడితే చాలావరకు వెనక్కు పోతాయి. తన్నవద్దు. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు తాగించి క్షమాపణ పొందినవారి వృత్తాంతం మనకు తెలుసు కదా.

ఖస్ర్ ప్రశ్నకు జవాబు

అబ్బాయి అడిగినది ముఖ్యమైన ప్రశ్న. మన హనఫీ ధర్మవేత్తలు ఈ దేశంలో 48 మైళ్ళను, అంటే ఇంచుమించు 77 కిలోమీటర్లను ప్రయాణ దూరంగా పరిగణిస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. లెక్కించవలసినది పోను మాత్రమే, పోనూ రానూ కలిపి కాదు. 75 కిలోమీటర్ల దూరానికి పోయి తిరిగి వస్తే మొత్తం 150 అయినా అతడు ముసాఫిర్ కాడు. నగర జనావాసం ముగిసేచోటు నుంచి లెక్క మొదలవుతుంది. 100 కిలోమీటర్ల దగ్గర వెనక్కు తిరిగే యాత్రలో అమీర్‌పేట నుంచి ఊరు దాటే పదిహేను ఇరవై కిలోమీటర్లు తీసివేస్తే మిగిలేది 80కి అటూ ఇటూ. కనుక దారి పటం ముఫ్తీ గారికి చూపించి ముందే అడిగి తెలుసుకోవాలి. ముసాఫిర్ అయినవాడు కూడా స్థానిక ఇమాము వెనుక నిలబడితే నాలుగు రకాతులు పూర్తిగా చేయాలి. తిరిగి ఊళ్ళోకి ప్రవేశించగానే ఖస్ర్ ముగుస్తుంది.

జనవరిలో హైదరాబాదులో ఫజ్ర్ వేళ అయిదున్నర ప్రాంతాన మొదలవుతుంది. అంతకు ముందే బయలుదేరేవాడు దారిలో ఏ మస్జిదు దగ్గర ఆగాలో ముందురోజే నిర్ణయించుకోవాలి. సైకిలువాళ్ళు తొడిగే బిగుతు నిక్కర్లు మోకాళ్ళ పైకే ఉంటాయి. వాటితో నమాజు కాదు. సంచిలో పలుచని లుంగీ ఒకటి మడిచి పెట్టుకుంటే సరిపోతుంది. వుజూ చేసి, రెండు రకాతులు నిలబడి, సజ్దాలో కాసేపు ఉంటే నడుముకు, చేతులకు కలిగే విశ్రాంతి మరే విరామంలోనూ లేదని ఆ అబ్బాయే చెప్పాడు.

రమజానులో ఈ దూరాలు వద్దు. ఇంటి దగ్గర తెల్లవారిన తరువాత బయలుదేరినవాడికి ఆ రోజు ఉపవాసం విడిచే వెసులుబాటు హనఫీ మార్గంలో లేదు. ఎండలో ఉపవాసంతో 200 కిలోమీటర్లు తొక్కటం ఒంటికి చేసే అన్యాయం.

స్టీరింగు పట్టినవారికి

పాఠకుల్లో సైకిలు తొక్కేవారికన్నా కారు, బైకు నడిపేవారే ఎక్కువ. అజాగ్రత్తగా వాహనం నడిపి స్వయంగా ఢీకొట్టి ఒక ప్రాణం తీసినవాడి విషయాన్ని ధర్మవేత్తలు పొరపాటున జరిగిన హత్య కిందనే పరిగణిస్తారు. కోర్టు జరిమానాతో అది తీరిపోదు. మృతుని వారసులు క్షమిస్తే తప్ప వారికి దియత్ చెల్లించాలి. దానితోపాటు కఫ్ఫారాగా ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. వారసులు క్షమించినా కఫ్ఫారా పోదు. సూరె నిసా 92వ ఆయతును ఈ దృష్టితో మరొకసారి చదవండి. ఫోను చూసుకుంటూ నడిపే మన పిల్లల ఎదుట బిగ్గరగా చదవండి.

రోడ్డు మీద పడి ఉన్నవాణ్ణి చూసి పోలీసు కేసుల భయంతో తప్పుకొనిపోయే రోజులు పోవాలి. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, ఆ తరువాత 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షను, సాయపడినవారికి రక్షణ కల్పించాయి. పేరు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. 108కి ఫోను చేయాలి. ఈ సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానముంటే, రోడ్డు మధ్యన ఉన్నా తప్ప కదిలించకూడదు. హెల్మెట్‌ను లాగివేయకూడదు. 2025 మే నుంచి మోటారు వాహన ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స పొందే పథకం అమలులో ఉన్నది. వాహనం ఢీకొన్న సైకిలువాడికి కూడా అది వర్తిస్తుంది. పంజాగుట్టలో నిమ్స్ ఉన్నది. అది తొలుత నిజాం ట్రస్టు సొమ్ముతో ఎముకల ఆసుపత్రిగా వెలిసిందని ఇప్పటివారిలో చాలామందికి తెలియదు. సైకిలువాడి జేబులో రక్తం గ్రూపు, ఇంటివారి ఫోను నంబరు రాసిన కాగితం ఉండాలి. తాళం వేసిన ఫోను ఆపదలో ఎవరికీ పలకదు.

రెండు వారాల తరువాత తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. హరామని నేను చెప్పలేనన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. అప్పుడు అబ్బాయివైపు తిరిగి, జిహాదుకు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని తల్లిదండ్రులు బతికి ఉన్నారని తెలుసుకొని వారి సేవకు దైవప్రవక్త (సఅసం) తిప్పి పంపిన సంగతి చెప్పాను. దాని ముందు వికారాబాదు ఏపాటిది? అమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే సైకిలెక్కు, షరతులు కూడా ఆమే పెడుతుందన్నాను.

ఆమె కాసేపు ఆలోచించి మూడు షరతులు పెట్టింది. ఒంటరిగా పోకూడదు. హాజరు వేయించుకొనే ప్రతిచోటి నుంచీ ఫోను చేయాలి. కొత్త హెల్మెట్ తన కళ్ళముందు కొనాలి. డాక్టరు సరేనన్న తరువాతే మొదలుపెట్టాలని నేనొకటి కలిపాను. ఆ తరువాత ఆమే మెరిసే పట్టీ తెప్పించి అతని సంచికి, లుంగీ పెట్టుకొనే తిత్తికి కూడా కుట్టిందట.

మొన్న జనవరిలో ఆ యాత్ర జరిగింది. ఆరు గంటలకు బయలుదేరారు. మొదటి హాజరు దగ్గర నుంచి ఫోను రాగానే ఆమె అడిగిన మొదటి మాట “ఫజ్ర్ చదివావా?” అనేనట. పన్నెండు గంటల నలభై నిమిషాల్లో ముగించాడు. ఇషా తరువాత ఆమె నాకు ఫోను చేసింది.

“వచ్చాడు మౌలానా గారూ, అల్హమ్దులిల్లాహ్. కాళ్ళు నొప్పులంటున్నాడు. వాళ్ళ స్నేహితులు ఇప్పుడే మూడు వందలదాని గురించి మాట్లాడుతున్నారు. దానిలో రాత్రి కూడా తొక్కాలట కదా? వచ్చే ఆదివారం మేమిద్దరం మీ దగ్గరికి వస్తాం” అన్నది.